తొమ్మిది సూదులు

కాశీబుగ్గలో రైలు గేటు దాటాక
జీడిపప్పు కార్ఖానా వెనక గదిలో
నా చేతికిందికొచ్చిన మూడో కొత్త కంప్యూటరు ఇది.
పెళ్లిచూపులకొచ్చిన కుర్రాడిలా ఇస్త్రీగా ఉంది.
చుట్టూ తిప్పి చూశాను.
కాటా తీగ దూర్చడానికి దీనికి కన్నమే లేదు.

కాటా మాత్రం పాతదే.
తిత్లీ తుఫాను రాత్రి మోకాల్లోతు నీళ్లలో నిలబడింది.
మర్నాడు పప్పు ఆరబెట్టే పొయ్యి పక్కన కూచోబెడితే
ఆవిరి కక్కి, వణికి, తెప్పరిల్లి
వంద గ్రాములు కూడా అబద్ధమాడలేదు.
దానిది నిదానం మాట. సెకనుకి పన్నెండొందల చప్పుళ్లు.
బస్సెక్కగానే సొంత యాస మర్చిపోయినవాడిలా
కొత్తది తెల్లమొహం వేస్తుంది.

విశాఖ నుంచి నీలం తీగ తెప్పించాను, నాలుగొందల యాభై.
ఒక కొస తొమ్మిది పిన్నులు, ఇంకో కొస పల్చటి నాలుక.
గుచ్చితే తెరమీద పసుప్పచ్చ త్రికోణం:
"ఈ పరికరం గుర్తించబడలేదు."

లోపలున్న చిప్పు నకలుదట.
కొత్త డ్రైవరు నకళ్లని పసిగట్టి గొంతు నొక్కేస్తుంది.
పాతది కావాలి.
అట్టపెట్టె అడుగున, బొద్దింకల మందు వాసనలో
గీతలు పడ్డ సీడీ. మీద మా గురువు కూర్మారావు చేతిరాత:
"పారీకు. ఎప్పుడికైనా పనికొస్తాది."
మూడుసార్లు తుడిచి, నాలుగోసారి ఊది,
మూడో పోర్టు, పన్నెండొందల వేగం, ఏడు బిట్లు
అన్నీ దానికి అలవాటైనట్టే పెట్టి నొక్కితే
తెరమీద మెల్లగా ఒక సున్నా వెలిగింది.
సున్నాని చూసి ఇంత సంబరపడే పని ఇంకోటుందా!

మేనేజరు వెనకనుంచి తొంగి చూశాడు.
"ఎందుకొచ్చిన తంటా ఢిల్లేసూ?
వేలిముద్ర మిషను వచ్చీసింది గదా.
వేలెడితే ఫోనుకి మెసేజి. చీటీల గొడవే ఉండదు."

సాయంత్రం తూకాల వరసలో దాలమ్మ ముందుంది.
బొటనవేలు పెట్టింది. ఎర్రలైటు.
చూపుడువేలు. ఎర్రలైటు.
ఆముదం రాసి, బూడిదతో తోమి, కొంగుకి తుడుచుకుని మళ్లీ.
ముప్పై ఏళ్లు గింజ ఒలిచిన వేళ్లు.
ఒక్కో గీతనీ జీడి తినేసి
నల్లగా, నున్నగా మిగిల్చింది.
మిషను ఎవరో పట్నం ఆడపిల్ల గొంతుతో అంది:
"గుర్తించబడలేదు."

"ఓలమ్మో! నాను నాను కాదంతన్నాది బాబూ ఇది!"
దాలమ్మ నవ్వింది. వరసంతా నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.
కాటాకైతే సీడీ దొరికింది.
ఈ వేలికి డ్రైవరు ఏ అట్టపెట్టెలో వెతకను?

ఎవరినీ అడగలేదు.
మూలనున్న చుక్కల ప్రింటరుని వెలుగులోకి లాగాను.
పళ్లచక్రంలో ఇరుక్కున్న బల్లిగుడ్డు పెంకు తీసి
ఎండిన రిబ్బనుకి కుట్టుమిషను నూనె రెండు బొట్లు.
స్విచ్చేస్తే
తొమ్మిది సూదులూ ఒక్కసారి లేచి
గదిని చించినంత చప్పుడు.
కాగితం, కార్బను, కాగితం.
పదకొండు కిలోల నాలుగొందలు.
షావుకారుకొకటి, దాలమ్మకొకటి.

ఆమెకి చదువు రాదు.
చీటీని బోర్లించి
సూదులు పొడిచిన మేర వేలితో మెల్లగా తడిమింది.
గరుగ్గా తగిలినట్టుంది.
"ఉంది" అంది.
మడిచి, జాకెట్లో దోపుకుని వెళ్లిపోయింది.

కొత్త కంప్యూటరు అప్‌డేట్ అడుగుతోంది.
ఇప్పుడు కాదు, అని నొక్కాను.
రేపూ అడుగుతుంది, తెలుసు.
వరసలో ఇంకా నలభై మంది ఉన్నారు.