రెండోసారి అడిగితే

సీపీయూ మూత విప్పగానే
ముందు నాకు తుమ్మొచ్చింది,
తర్వాత ఖాజాబీకి,
తర్వాత గుమ్మంలో టీ కుర్రాడికి.
ఫ్యాను రెక్కల మీద నాలుగేళ్ల తేజా ఘాటు
ఎర్రగా, మెత్తగా పేరుకుని ఉంది.
ఏటుకూరు రోడ్డులో ఏ కోల్డ్ స్టోరేజీ కంప్యూటరైనా ఇంతే,
బ్రష్షు తీసే ముందు మొహానికి చున్నీ చుట్టుకోవాలి.

"హార్డ్ డిస్కు మార్చక్కర్లేదంటగా,
చిన్న ఎస్సెస్డీ పక్కన పెడితే పెద్దది పరుగెత్తుద్దంట"
అన్నారు భాస్కరయ్యగారు.
ఎవరు చెప్పారో చెప్పలేదు.
నేను మాటలు నమ్మను.
ఫోన్లో స్టాప్‌వాచీ తీశాను,
రద్దయిన గేటుపాసు వెనక గళ్లు గీశాను.

ముందు పాతదాన్ని ఒంటరిగా.
లాట్ల ఖాతా తెరుచుకోడానికి
రెండు నిమిషాల పదకొండు సెకన్లు.
ఆపి, మళ్లీ పెడితే తొమ్మిది.
మళ్లీ పెడితే పన్నెండు.
లోపల పళ్లెం తిరుగుతోంది, ముల్లు వెతుకుతోంది,
కిర్ర్, టక్, కిర్ర్.
ప్రతిసారీ మొదటిసారే దానికి.

తర్వాత పేకముక్కల కట్టంత డబ్బాను
దాని పక్కన కూర్చోబెట్టాను.
మొదటి పరుగు రెండు నిమిషాల పదిహేడు.
భాస్కరయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.
"డబ్బు పెట్టి ఆరు సెకన్లు పోగొట్టుకున్నామా?"
ఇంకా నేర్చుకుంటోంది సార్,
ఇక్కడ దేన్ని మాటిమాటికీ అడుగుతారో
దానికింకా తెలీదు.

రెండోది యాభై ఎనిమిది సెకన్లు.
మూడోది ముప్పై మూడు.
నాలుగోది ముప్పై ఒకటి, అక్కడ ఆగింది.
ఖాజాబీ చప్పట్లు కొట్టబోయి
చేతిలో రసీదు పుస్తకం ఉందని మానేసింది.
ఏం చేస్తుందది, అంది.
నువ్వు చేసేదే.
పెద్ద ఎగుమతిదార్ల బాండ్లు మోచేతి కింద పెట్టుకుంటావు,
మిగతావి బీరువాలో.
"నా మోచేతికి అంత రేటు లేదులే" అంది.

సంతకం పెట్టి ఇచ్చేద్దామనుకుంటుంటే
ప్రత్తిపాడు వైపు నుంచి చెంచయ్య అనే ఆయన వచ్చాడు.
పంచె మడతలోంచి ప్లాస్టిక్ కవరు,
కవరులోంచి బాండు.
రెండేళ్ల కిందటి బాడిగ, ముప్పై ఎనిమిది టిక్కీలు,
ధర వస్తుందని ఉంచినవి.
రెండేళ్లుగా ఎవరూ అడగని నంబరు.

ఖాజాబీ నంబరు కొట్టింది.
నేను అలవాటుగా స్టాప్‌వాచీ నొక్కాను.
కొత్తది నాకు తెలీదంది.
కిర్ర్, టక్. పాతది లేచింది.
ఆ చప్పుడుకే లేచాడా అన్నట్టు యోబు మేస్త్రి లేచి,
మే నెల ఎండలో ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుంటూ
"నాలుగో చాంబరనుకుంటా, చూసొస్తా" అని
చలిలోకి వెళ్లాడు.

కుర్చీ చూపించినా చెంచయ్య కూర్చోలేదు.
తెరమీద చక్రం తిరుగుతోంది.
నా కాగితం మీద ఆయనకు గడి లేదు.
ఏడు పరుగులూ ఒకే ఖాతాతో తీశాను మరి,
రోజూ తెరిచే ఖాతాతో.

యోబు వచ్చాడు, మీసాల మీద తడి.
"నాలుగు కాదు, రెండో చాంబరు.
పై అంతస్తు, మూల.
ఒక టిక్కీకి కుట్టు ఊడింది."
గుప్పెడు కాయలు బల్ల మీద పోశాడు.
ముట్టుకుంటే మంచులా ఉన్నాయి.
చెంచయ్య ఒకటి విరిచి, వెలుతురులో పట్టి,
వాసన చూసి
"రంగు పోలేదు" అన్నాడు, ఎవరితోనో.
అప్పటికి తెర కూడా తెరుచుకుని ఉంది.
ఎవరు ముందో నేను చూడలేదు.

ముప్పై ఒకటి కింద ఇంకో గీత కొట్టి
"ఎవరూ అడగనివి: పాతదంతే" అని రాశాను.
ఇది బిల్లులో అక్కర్లేదుగా, అన్నారు భాస్కరయ్యగారు.
ఉండనివ్వండి సార్, అన్నాను.

నాజ్ సెంటర్లో ఆటో దిగి
డబ్బు పంపడానికి ఫోను తీస్తే
స్టాప్‌వాచీ ఇంకా పరుగెడుతోంది,
గంటా ఏడు నిమిషాలు.
చున్నీ దులుపుకున్నాను.
ఆటో అతను తుమ్మాడు.