ఐదో గుండీ

మంగళవారం హడర్స్‌ఫీల్డ్ సంతలో
టార్పాలిన్ల మీద వాన దరువేస్తుంటే
చచ్చినవాళ్ళ జేబుల్లో చేతులు పెడుతుంటాను.
ఏ పుట్టలో ఏ పాముందో!
ఒక మొసలితోలు బ్యాగులో మూడు పెన్నీల బస్సు టికెట్టు.
ఇంకోదాంట్లో గట్టిపడిన గులాబీరంగు పౌడరు,
దాని మీద ఎవరిదో వేలి గుంట.
నల్ల వెల్వెట్‌దాంట్లో ఏమీ లేదు,
అద్దెయిల్లు వదిలే ముందు ఊడ్చినంత శుభ్రం.

నాకు ముందు చప్పుడు కావాలి.
యాభైలనాటి కొక్కెం టక్కున పడుతుంది,
మాట మీద నిలబడే మనిషిలా.
డెబ్బైల జిప్పు సణుగుతుంది.
ఇప్పటి అయస్కాంతాలతోనే చిక్కు,
మూశానో లేదో
ఇంటికొచ్చాక కూడా అనుమానం.

"పాత చింతకాయ పచ్చడి,
పైగా ఎవరి ఉసురో" అంటుంది వకుళ,
నా బీరువా దగ్గరికి రాదు.
పచ్చడి పాతదైతేనే కదే నోరూరేది, అంటాను.
తను నవ్వదు.

ఆ ఆకుపచ్చ కోటు
డోరీన్ దుకాణంలో పన్నెండు పౌన్లు.
ఈ ఊరి మిల్లు ఉన్నే,
ఆ మిల్లులో ఇప్పుడు ఫ్లాట్లు.
నాలుగు గుండీలు తేనెరంగు,
ఐదోది నీలం.
పంటికింద రాయి.

ఏడు నెలలు తిరిగాను జోడు కోసం,
హాలిఫాక్స్, స్కిప్టన్, ఒకసారి జ్వరంతో లీడ్స్.
ఆఖరికి ఒక బిస్కెట్ల డబ్బా అడుగున
అదే తేనె, అవే నాలుగు కన్నాలు.
సంబరం పట్టలేక బస్సులోనే
పక్కన పెట్టి చూసుకుంటున్నాను.

పక్కసీటు ముసలామె
అడక్కుండానే వంగి
నీలం గుండీని బొటనవేలితో రుద్దింది.
"బడి కోటుది.
మా వీధి పిల్లలందరికీ ఇవే ఉండేవి.
వాడి కోటుది తీసి తన కోటుకి కుట్టుకుంది."
వైపర్లు రెండుసార్లు అటూ ఇటూ ఊగాయి.
"ఎదిగుంటాడు" అంది.
తన స్టాపు వచ్చి, కర్ర వెతుక్కుని లేస్తూ
మళ్ళీ అంది, నాతో కాదు,
"ఎదిగే ఉంటాడు."

ఆ తేనెరంగు గుండీ
మొసలితోలు బ్యాగులో ఉంది,
టికెట్టు పక్కన.
ఇంకా కుట్టలేదేం, అంటుంది వకుళ.
సూదిలోకి దారం ఎక్కట్లేదు, అంటాను.