పెరటి పాయింటు

ఫారంలో ఒకటే గడి ఉంది: వంటగది.
దాని పక్కన పెన్నుతో ఇంకో గడి గీసి
"పెరడు" అని రాసేను.
మా ఆయన చూసి, "ఎండుచేపకి పైపులైనా?" అన్నాడు.
అవును. ఎండుచేపకే.

లోపలి పొయ్యి అత్తగారిది.
దాని మీద ఉల్లిపాయ కూడా అడిగి వెయ్యాలి.
పద్నాలుగేళ్లుగా నా రాజ్యం
నూతి అవతల, రేకు కింద.
సిలిండరు దొరికితే సిలిండరు,
లేకపోతే సరుగుడు పుల్లలు.
వానొస్తే ఒక చేత గొడుగు, ఒక చేత అట్లకాడ,
మూడో చెయ్యి ఉంటే కళ్లు తుడుచుకునేదాన్ని.

బరంపురంలో మా వీధి మొగకి
పసుపు గొట్టం వొచ్చి ఆగి ఏడాదయింది.
ధనుర్జయ బెహరా టేపు పట్టుకు వొచ్చేడు.
సగం తెలుగు, సగం ఒడియా, మధ్యలో ఇంచీలు.
"ఒక్క పాయింటే కంపెనీది. రెండోది మీటరు లెక్క."
మల్లెపొదని తవ్వుకుంటూ పోతే పది మీటర్లు.
పొద చుట్టూ తిప్పితే పదకొండున్నర.
తిప్పమన్నాను.
ఆ మీటరున్నరకీ
నెల్లాళ్లు రాత్రిళ్లు కూచుని అప్పడాలు ఒత్తేను.

తవ్వేడు. మోకాలి లోతున మన్ను రంగు మారింది.
బూడిద.
వేలి మందాన ఒక పొర,
రేకు కింద ఈ గుంజ నుంచి ఆ గుంజ దాకా.
అందులో పిడి ఊడిన ఇనప గరిటె ఒకటి.
నాకన్నా ముందే ఎవరో ఇక్కడ వండేరు.
అత్తగారికి చూపిస్తే
గరిటె చేతిలోకి తీసుకోలేదు.
"మా అత్తకి చేపంటే ప్రాణం" అని
అనకూడనిది అనేసినట్టు లోపలికి పోయింది.

గొట్టం బిగించి, గాలి కొట్టి,
గేజి ముల్లు మీద కళ్లు పెట్టి అరగంట కూచున్నాం.
పెళ్లిచూపుల్లో కూడా
నేనంత కదలకుండా కూచోలేదు.
కీలు కీలుకీ సబ్బు నురగ పూసేడు.
మోచెయ్యి వంపు దగ్గర
పాలు తాగిన పసిదాని మూతి మీద లేచినట్టు
ఒక్క బుడగ, మెల్లిగా.
"ఏయ్" అని దాన్ని గదిమి రెంచి తిప్పేడు.

పాత పొయ్యి జెట్లు ఊడదీసి
బెజ్జాలు పెద్దవి చేసేడు.
సిలిండరు గ్యాసు తోసుకొచ్చే రకమట,
ఇది నెమ్మదస్తురాలట, దారి వెడల్పుగా ఉండాలట.
ఒక జెట్టు అరచేతిలో పెట్టుకు చూసేను.
వెడల్పు చేసేక కూడా
ఆవగింజ దూరదు అందులో.

"వాసనొస్తే కిటికీలు తెరవాల" అని మొదలెట్టి,
పెరట్లో కిటికీలేవీ అని తనే నవ్వేడు.
"అసలు దీనికి వాసనే లేదమ్మా.
మనిషికి తెలియాలని మందు కలుపుతారు."
నాకు నవ్వు ఆగలేదు.
కార్తీకం వొస్తోందంటే
కొంగు, జుట్టు, పెనం, రేకు, గోడ
నిమ్మచెక్కతో రుద్ది రుద్ది
వాసన చంపడమే కదా ఈ ఇంట్లో నేను నేర్చుకున్న విద్య.
వీళ్లు కొని మరీ కలుపుతారట!

ముందు పాలు పొంగించమంది అత్తగారు, గుమ్మంలోంచే.
పొంగించేను.
మంట రెండుసార్లు తడబడి
నీలంగా, గొణగకుండా నిలబడింది.
గిన్నె దించి పెనం పెట్టి
గోపాల్‌పూర్ నెత్తళ్లు ఒక దోసెడు పోసేను.
అత్తగారు తలుపు వేసుకోలేదు.
గోడ అవతల నుంచి కుని మావుసి
"సుఖువానా?" అంది.
ఇంకేం అడగలేదు.
కాసేపటికి గోడ మీద
పఖాళ గిన్నె ఒకటి, చెయ్యి లేకుండా, కూచుని ఉంది.

రాత్రి లేచి ఫోను లైటుతో పెరట్లోకెళ్లేను.
పిడి గొట్టం వెంట ఉంటే తెరిచినట్టు,
అడ్డంగా ఉంటే మూసినట్టు.
అడ్డంగానే ఉంది.
అయినా వంగి గాలి పీల్చేను.
చేప.
మల్లె, కొంచెం.
ఇంకేం లేదు.