కొస ముడి

నెలకి రెండు ఆదివారాలు
తలుపు గడియ వేసుకుని రంగు కలుపుకుంటాను.
ఇరవై రెండో ఏట మొదలైన పని.
మా ఇంటిల్లిపాదిదీ తొందర జుట్టే.
"పల్లయ్య సంతానం పండిపోయే పుడతారు"
అంబాజీపేట కొట్ల దగ్గర అనేవారు,
మేమూ నవ్వేవాళ్ళం.

కాకినాడ డాక్టరమ్మ నవ్వలేదు.
తమ్ముడి వీపు మీద స్టెతస్కోపు ఆనించి
చాలాసేపు విని, నా చెవులకీ పెట్టింది.
ఆ చప్పుడు నాకు కొత్త కాదు.
నానిన డొక్క నుంచి పీచు లాగితే
అచ్చం అలాగే చిటచిటలాడుతుంది.

ఊపిరితిత్తి పీచు కడుతోందట.
మచ్చ మీద మచ్చ.
ఫిల్ములో అడుగున తేనెపట్టు గదులు,
తేనె లేనివి.

"పీచు దుమ్మండీ, యార్డులో పని" అన్నాను.
నాన్నకీ అదే అన్నాం. తాతకి చుట్టలన్నాం.
నూకరత్నం అత్త దుమ్మెరగదు, చుట్ట ముట్టదు,
కుట్టుమిషను తొక్కుతూ తొక్కుతూ ఆయాసంతో పోయింది.
ఆవిడకి దిష్టి అన్నాం.

డాక్టరమ్మ చీటీ వెనక్కి తిప్పి
మగవాళ్ళకి చదరాలు, ఆడవాళ్ళకి సున్నాలు గీసింది.
పోయినవాళ్ళని పెన్నుతో నింపుకుంటూ వచ్చి
నా సున్నా దగ్గర ఆగింది.
"మీకెప్పుడు నెరిసింది?"
ఇంత రంగు కింద ఎలా చూసిందో.

తాడు పేనే ఇంటివాళ్ళమని
మాకు తెలిసిన మాటల్లోనే చెప్పింది.
ఒంట్లో ప్రతి కణంలోనూ తాళ్ళుంటాయి.
పురి విడిపోకుండా కొసన ముడి.
అది అందరికీ అరిగేదే;
మీ ఇంట్లో మాత్రం పుట్టుకతోనే పొట్టిగా వస్తోంది.
బిడ్డకి రావచ్చు, రాకపోవచ్చు, సగానికి సగం.
వచ్చినా జబ్బు పడాలని లేదు.
దుమ్మూ పొగా దానికి చెయ్యందిస్తాయి.

అంటే దుమ్ము అబద్ధం కాదు, చుట్టా అబద్ధం కాదు.
అత్త దిష్టి ఒక్కటే
మేం కట్టింది.

బస్సు ఎదుర్లంక వంతెన ఎక్కింది.
గోదారిలో ఏదైనా పోలిక దొరుకుతుందేమోనని చూశాను,
పాయలనీ, గాలి గొట్టాలనీ.
నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.
పోసిబాబు కిటికీ వైపు జరిగి
నోరు తెరిచి కూర్చున్నాడు.
వాడి వేలి గోళ్ళు బోర్లించిన చెంచాల్లా ఉబ్బి ఉన్నాయి.
ఎన్నాళ్ళనుంచో అలాగే ఉన్నాయి,
అన్నం కలుపుతుంటే రోజూ చూస్తూనే ఉన్నాను.

రక్తం హైదరాబాదు వెళ్ళింది, వాడిది.
నాది తియ్యమని చెయ్యి చాపి
మళ్ళీ వెనక్కి తీసుకున్నాను.
ఇంకో వారం, అన్నాను.
డాక్టరమ్మ తొందర పెట్టలేదు.

ఈ ఆదివారం గడియ వెయ్యలేదు.
తమ్ముడి కూతురు లిఖిత, పదిహేనేళ్ళది,
గుమ్మంలో నిలబడి నా పాపిట చూసింది.
మొదలంటా తెలుపు.
"ఎప్పట్నుంచత్తా?"
"ఇరవై రెండు."

ఆ అంకె తర్వాత చెప్పాల్సింది చాలా ఉంది.
బ్రష్షు గిన్నెలో పెట్టాను.
అది వచ్చి పక్కన కూర్చుంది,
జడ విప్పుకుని,
దువ్వెన నా చేతికిచ్చి.