అని

జుబైల్లో, యార్డు వెనక, పోర్టా క్యాబిన్లో రాత్రి తొమ్మిది.
ఏసీ కింద బకెట్. చుక్కచుక్కకీ లెక్క ఉన్నట్టు పడుతోంది నీరు.
పైపు సపోర్టులు నాలుగు వందల పన్నెండు గీయాలి,
ఒక్కొక్కటీ చేత్తో గీస్తే రంజాన్ దాటిపోతుంది.
అందుకని లిస్ప్ నేర్చుకుంటున్నాను,
డ్రాయింగు సాఫ్ట్‌వేర్ పొట్టలో దాక్కున్న పాత భాష.
పొర తీస్తే బ్రాకెట్, దాని లోపల బ్రాకెట్,
ఉల్లిపాయలాగే, చివరికి కళ్ళు కూడా మండుతాయి.

ఎక్స్‌కి విలువ ఇచ్చాను: పన్నెండు వందలు.
వైకి ఇచ్చాను: మూడు వందల యాభై.
రెండింటినీ బ్రాకెట్లో కూర్చోబెట్టి,
ముందు, కాస్త పైన, ఒంటి కామా తగిలించి
ఇదిగో బిందువు, ఇక్కణ్ణుంచి గీత గియ్యి అన్నాను.
ఇది బిందువు కాదు, అంది.

యాకూబ్ సార్‌ది ప్రొద్దుటూరు.
ఇరవై రెండేళ్ళుగా ఈ ఎడారికి గీతలు గీస్తున్నాడు.
సులేమానీ చప్పరిస్తూ వంగి చూశాడు.
"ఆ కామా ఏంటికి పెట్టినావు?"
అందరూ పెడుతున్నారని.
"దాని అర్థం 'అని' రా నాయనా.
మనకు 'అని' మాట ఎనకాల వస్తాది,
దీనికి ముందే వచ్చి నిలబడతాది.
నువ్వు బిందువు ఇయ్యలే. ఎక్స్, వై అని చెప్పినావు, అంతే.
అది ఆ రెండు పేర్లనీ అట్నే పట్టుకోని కూసుంది.
లోపల ఏముందో తొంగి సూల్లేదు.
సూడొద్దని నువ్వే చెప్తివి కదా."

కామా తీసేశాను. మళ్ళీ తప్పే.
ఈసారి ముందున్న ఎక్స్‌ని పనివాడనుకుంది,
వైని మొయ్యమని పురమాయించింది.
పన్నెండు వందలు అనే అంకె ఏం మోస్తుంది పాపం.
"ముందర లిస్ట్ అనే మేస్త్రీని నిలబెట్టు."
నిలబెట్టాను.
అతని ముందుకి వచ్చేసరికే ఒక్కొక్కరూ
పేరు విడిచి విలువై వచ్చారు. మూట కట్టి ఇచ్చాడు.
నల్ల తెర మీద గీత పడింది.

ఒకటో తరగతి పలక గుర్తొచ్చింది.
పొల్లు పెడితే క నోరు మూసుకుని క్ అయ్యేది.
అక్షరం ఎక్కడికీ పోలేదు. పలకడమే ఆగింది.

ఆ రాత్రే పోశెట్టి వచ్చాడు, నిర్మల్ దగ్గరి పైప్ ఫిట్టరు,
చేతిలో వెల్డింగ్ రాడ్ల డబ్బా విప్పదీసిన అట్ట.
ఐదు నెలల జీతం.
"అడిగినప్పుడల్లా బుక్రా అంటడు సార్ ఫోర్మన్.
రేపంటే రేపే అనుకుంట.
తెల్లారి లేస్త, అది ఇయ్యాల అయితది,
రేపు మల్ల ముందటికి జరుగుతది."
అట్ట మీద, గ్రీజు వేళ్ళ మరకల మధ్య, తారీఖులు.
ప్రతి తారీఖు పక్కనా బుక్రా, బుక్రా, బుక్రా.
క్యాంపులో నవ్వారట,
ఇలువ లేని మాట రాసుకుంటే ఏమొస్తదిరా అని.

ఇన్నాళ్ళూ ఆ మాటని నమ్మి నడిపించాడు,
నడిపిన ప్రతిసారీ సున్నా తేలింది.
నడపకుండా, విప్పకుండా, అట్ట మీద పట్టుకున్నందుకు
ఇప్పుడది ఒక వరస. లెక్కపెట్టొచ్చు.
లెక్కపెట్టాం. నలభై ఒకటి.

ఫిర్యాదు నేను టైపు చేశాను, అరబ్బీ యాకూబ్ సార్ చూశాడు.
మోసం చేశాడు అని కొట్టబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.
"అది నువ్వు కట్టిన ఇలువ. కట్టేదానికి వాళ్ళు ఉండారు.
ఆయప్ప ఏమన్న్యాడో అది రాయి.
అని, అని, అని."

గురువారం, లేబర్ ఆఫీసు, టోకెన్ నూట ఆరు.
కిటికీ వెనక కుర్రాడు అట్టని తిప్పి తిప్పి చూశాడు,
పెదాలు కదుపుతూ కొంతదూరం చదివాడు కూడా.
స్టాంపు వేసే పెద్దాయన లేడట.
కాగితాలు అంచులు కలిపి, మర్యాదగా వెనక్కి తోసి
బుక్రా, అన్నాడు.

రేపు శుక్రవారం.
పోశెట్టి నా మొహం చూశాడు, గోడ మీద క్యాలెండర్ చూశాడు,
చొక్కా జేబులోంచి పెన్సిల్ తీసి
అట్ట అడుగున మిగిలిన ఆ కాస్త చోటులో
తారీఖు వేశాడు.