గోడల్లేని ఇల్లు

సవాయి దీవిలో మా ఇంటికి గోడల్లేవు.
పన్నెండు స్తంభాలు, పైన కప్పు, అంతే.
ఎవరింట్లో ఏం ఉడుకుతోందో,
ఎవరు అలిగి అటు తిరిగి పడుకున్నారో
దారిన పోయే కుక్కక్కూడా తెలుసు.

చాప అల్లుతూ కూర్చుని ఊరంతా చూసేదాన్ని.
తూలువా టోపీ మీద పసుపు మరక.
పాస్టరుగారి కోడలి నడక.
ఆదివారం ఇయోసేఫా పాడితే
శ్రుతి ఒక రేవులో, అతను ఇంకో రేవులో.
మొగలాకు చీల్చే గోటితోనే మనుషుల్నీ చీల్చాను.
ఒక్క పోగు తప్పినా పట్టేసే కన్ను నాది,
దేవుడిచ్చిన వరమనుకున్నాను.

అలా చూసేదానికి తెలుస్తుంది కదా
తననీ అలాగే చూస్తారని.
అందుకే శనివారం రాత్రి తెల్లగౌనుకి
మూడుసార్లు ఇస్త్రీ.

మా గుడిలో కానుకలు పైకి చదువుతారు.
ఇంటిపేరు, పక్కన అంకె.
పోయినేడు ఇదే రోజున మాది రెండొందలు.
ఈ ఏడు గాలివాన సీమపనసల్ని కూల్చింది,
మా ఆయన మోకాలు మిగతాది మింగింది.
గుప్పిట్లో మూడు నాణేలు, మొత్తం ఐదు టాలాలు.

రాత్రంతా ప్రార్థన కాదు, లెక్క:
ఎవరు దగ్గుతారు,
ఎవరు ఎవరి చెవిలోకి వంగుతారు.
తెల్లారగట్ల పొయ్యిరాళ్ళు ఎర్రబడుతుంటే
నోరు దానంతటదే తెరుచుకుంది.
"తండ్రీ, ఈ స్తంభాల మధ్య నుంచి
యాభై ఏళ్ళుగా చూస్తున్నావు.
నా చాప వెనకవైపు నీకు తెలుసు,
ముడులూ, అతుకులూ, దాచిన తెగుళ్ళూ.
అయినా వచ్చి దాని మీదే కూర్చున్నావు."
ఇంకేం అడగాలో తోచలేదు.

చదివారు.
"లూపేసినా కుటుంబం, ఐదు టాలాలు."
ఒక్క విసనకర్రా ఆగలేదు.
వెనక పసివాడు తుమ్మాడు.
పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకుని కింది పేరుకి వెళ్ళాడు.
ఇంతకేనా, ఇన్నేళ్ళు ఊపిరి బిగబట్టింది?

తూలువా, ఆ మరక టోపీ తూలువాయే,
పాటల పుస్తకం సగం నా ఒళ్ళోకి జరిపి
వేలితో చరణం చూపింది.
గోట్లో చేమదుంపల మట్టి.
చూశాను. అబద్ధమెందుకు,
పాత కన్ను ఒక్క పూటలో పోదు.
కానీ మట్టిని ఎంచబోయిన నోరు
పాటలో పడింది.

ఎత్తుకోవడమే తప్పు ఎత్తుకున్నాను.
శ్రుతి చెయ్యి జారింది.
తేలుతూ తేలుతూ పోయి
ఇయోసేఫా ఉన్న రేవుకే చేరాను.