కాంటా మీద రాత్రి

తమ్మీ రెడ్యా, గుర్రాలు కొనకు.
కొత్తగ కూసున్నోడు ఎవడైనా ముందుగాల గుర్రాలే కొంటడు,
తెర మీద ఉరుకుతుంటే సక్కగ కనవడతయి గదా.
ఒక్కో గుర్రం ఎన్ని గింజలు తింటదో
పక్కన సిన్న అక్షరాలల్ల రాసుంటది. సదువు.

ఇది మిర్యాలగూడ, యాసంగి ఒడ్లు దిగే నెల.
మిల్లు గేటు బయట నలభై మూడు లారీలు.
మీ బండి వంతు వచ్చేసరికి మూడు కొడతది.
గందాక ఈ కంప్యూటర్ ఇద్దరిది:
చిట్టీ కొట్టేటప్పుడు నాది,
మిగిలిన యాళ్ల నీ రాజ్యానిది.

మొదాలు మంది కావాలె. సైన్యం కాదు, మంది.
ఆరుగురిని పొలంల పెట్టు, నలుగుర్ని కట్టెలకు తోలు,
బంగారానికి ఇప్పటికి ఇద్దరు సాలు.
అగో, ఆ మూలకు ఒకడు ఊకెనే నిలవడ్డడు.
వాడు నిలవడ్డంత సేపు నువ్వు ఓడిపోతున్నట్టే లెక్క.
మా సేటుకు ఈ ముచ్చట ఎవ్వరూ నేర్పలే.

ఈటెలోళ్లు ముందట, విలుకాండ్లు ఎన్క.
ఉత్త విలుకాండ్లే ఉంటే గుర్రాలొచ్చి తొక్కుతయి,
ఉత్త ఈటెలే ఉంటే దూరంకెల్లి బాణాలు కురుస్తయి.
కారం ఒక్కటే ఏస్తే కూరైతదా?
గోడలు పగలగొట్టే బండి ఒక్కటి ఉంచు,
దాని పక్కన కావలి లేకుంటే అది ఉత్త కట్టెల మోపు.

ఆగు.
టీఎస్ సున్నా ఐదు. మొత్తం బరువు
ఇరవై ఆరువేల నాలుగువందల అరవై.
డ్రైవర్ దిగిండా? దిగిండు.
ఆ, ఇగ చెప్పు.

రెండువేల బంగారం కూడబెట్టినవ్, ఎవ్వనికి సూపెడ్తవ్?
తడి ఒడ్లు గోదాంల దాస్తే మొలకన్న వస్తది,
నీ బంగారానికి అదీ రాదు.
ఖర్సు పెట్టు. కొంచెం కట్టె మాత్రం మిగుల్చుకో,
కాలిన ఇల్లు మళ్లా కట్టుకోవాలె.

చీకటున్న దిక్కు ఒకణ్ణి పంపు.
వాడు సచ్చినా సరే,
యాడ సచ్చిండో తెలుస్తది.
గా మాటకు నువ్వు నా మొకం దిక్కు జూసినవ్,
నేను చాయ్ దిక్కు జూసిన.

రెండున్నరకు వాళ్లొచ్చిన్రు, ఉత్తరం దిక్కు నుంచి, గుర్రాల మీద.
నీ ఈటెలోళ్లు ఇంకా తయారు కాలే.
రైతులను పంపు, అన్న.
గంట కొట్టు, కొడవండ్లతోనే అడ్డం వడ్తరు,
యాభై గింజలిస్తే ఇంకొకడు పుడ్తడు,
నొక్కు, జల్ది నొక్కు.

నువ్వు మౌస్ మీద ఏలు పెట్టి నొక్కలే.
"గీయన మా రూప్లా కాకా, అక్కా.
కట్టెలు కొట్టేటాయన సక్రు.
గా పొలంల హీర్యా, ఆయన పక్కన మా బాపు."
నేను చిట్టీలు కొడుతుంటే
తండా మొత్తానికి పేర్లు పెట్టినవన్నట్టు.

అందరినీ అడివిలకు ఉరికిచ్చినవ్.
ఊరు కాలింది. ఎర్రటి అక్షరాలొచ్చినయి.
తొమ్మిదేండ్ల సంది ఆడుతున్న ఈ ఆట,
గియ్యాళ నీకేం జెప్పాలో నోటికి రాలే.

మూడు కొట్టింది. మీ బండి కాంటా ఎక్కింది.
డ్రైవర్ దిగిండు, అంకెలు ఆగుతలేవు.
క్లీనర్ సీట్ల నిద్ర కండ్లతోని నువ్వు.
దిగు రెడ్యా, అన్న కిటికీలకెల్లి.

నువ్వు దిగినవ్.
నలభై తగ్గింది.
చిట్టీ మీద ఆ నలభై రాదు.
నేనైతే జూసిన.